రెచ్చగొడుతున్నదెవరు సామీ?

కాలవలో నీళ్లేవని అడిగితే రెచ్చగొట్టడం. రోడ్డు మీద బైఠాయిస్తే రెచ్చగొట్టడం. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి, పై సోమవారం మళ్లీ అదే అర్జీ పట్టుకుపోతే? మరీ ఘోరం. వెనకాల ఎవరో ఉన్నారు! లేకపోతే మెట్టరైతుకు అంత ఓపిక ఎక్కడిది?

తంపులు పెట్టడం, పుల్లలు వేయడం, ఎగదోయడం ఇంటిపట్టున ఉండే మాటలు. దాయాదుల తగువులకు సరిపోతాయి. 'రెచ్చగొట్టడం' అట్టా కాదు. దానికి ప్రెస్‌మీట్ కావాలి, మైకులు కావాలి, వెనక తలూపే నలుగురు కావాలి. ఇంకో వింత ఏందంటే, ఈ క్రియకు ఉత్తమ పురుష లేదు. 'నేను రెచ్చగొట్టాను' అన్న నాయకుడు ఇంతవరకు పుట్టలేదు. ఎప్పుడూ 'వాళ్లు'. ప్రతిపక్షంలో ఉండి చేస్తే ప్రజాచైతన్యం. కుర్చీ ఎక్కిన మర్నాటి నుంచి అదే ధర్నా కుట్ర. కర్మ ఒక్కటే మారదు. 'ప్రజలను'. అంటే మనల్ని. మనకు సొంతంగా కోపం రాదు కదా! ఎవరో గొట్టాలి, మనం రెచ్చాలి.

చట్టానికీ ఈ మాట మీద మమకారం ఎక్కువే. పాత శిక్షాస్మృతిలో 153వ సెక్షన్, 2024 జులై 1 నుంచి న్యాయసంహితలో 192. దొమ్మీ అవుతుందని తెలిసీ, చట్టం ఒప్పని పని చేసి రెచ్చగొడితే శిక్ష. దొమ్మీ జరిగితే ఏడాది దాకా. జరక్కపోయినా ఆరు నెలల దాకా! కులాల మధ్య, మతాల మధ్య చిచ్చుపెడితే 196, మూడేళ్ల దాకా. ఎన్నికల సభల్లో మీరు విన్న మాటలకు ఎంతమంది లోపలికి పోయారు? వేళ్లు మడవండి చూద్దాం. మనకైతే '30 యాక్టు అమల్లో ఉంది' అని మైకులో చెబుతారు. అది 1861 నాటి పోలీసు చట్టం. దొర పోయి ఎన్నాళ్లయింది? యాక్టుకు మాత్రం రిటైర్మెంటు లేదు.

సరే, సోమశిలకు రండి. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం. నిండినప్పుడు గట్టు మీద నిలబడితే చూసేందుకు రెండు కళ్లు చాలవు. కృష్ణ నీళ్లు కూడా 1983 ఒప్పందం పుణ్యమా అని ఇక్కడికొచ్చి, కండలేరు మీదుగా చెన్నైకి పోతాయి. పోనీండి, ఎవరి దాహమైనా దాహమే. మరి పక్కనే ఉన్న ఆత్మకూరు, ఉదయగిరి మెట్టకు? హైలెవల్ కాలవ అన్నారు. మొదటి దశ పూర్తి కాకుండానే రెండో దశకు 2020 నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి వీడియోలోనే శంకుస్థాపన చేశారు. 46 వేల ఎకరాలకు పైగా తడుపుతామన్నారు. శిలాఫలకం లేచింది. నీళ్లు లేవలేదు. 2024లో ప్రభుత్వం మారేనాటికీ కాలవ పూర్తికాలేదు. ఆ తర్వాత? వీళ్లు వాళ్లను తిడుతున్నారు, వాళ్లు వీళ్లను తిడుతున్నారు. తిట్లకు మాత్రం ఏ కాలవా అక్కర్లేదు, ఎంత మెట్టకైనా ఎక్కుతాయి.

2021 నవంబరు వరదల్లో డ్యాం దిగువన ఏప్రన్ దెబ్బతింది. బాగుచేయండయ్యా అంటే జనాన్ని భయపెట్టడమట. అంత నీరు నెత్తిన పెట్టుకుని పడుకునే ఊళ్లకు భయం ఎవరైనా వచ్చి నేర్పాలా?

మెట్టలో అసలు రెచ్చగొట్టేది ఎవరో చూడాలంటే బోరు లారీ వెంట పోండి. రాత్రంతా రాయిని తొలుస్తుంది. చెవులు దిబ్బళ్లు పడతాయి. తెల్లారేసరికి గొట్టంలోంచి తెల్లటి దుమ్ము. రైతు తువ్వాలుతో మొహం తుడుచుకుంటాడు. బిల్లు అడుగుల లెక్క. నీళ్లు పడ్డా కట్టాలి, పడకపోయినా కట్టాలి. పడితే సుఖమా? ఈ దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో మొదట రాసిపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ ఎముకలను వంచింది ఏ ప్రతిపక్షం?

ఇక అసలు విద్య. డెల్టాకు పోయి 'మెట్టోళ్లు మీ నీళ్లు ఎత్తుకుపోతుండారు' అంటారు. మెట్టకొచ్చి 'డెల్టావోళ్లు మీ వాటా తాగేస్తుండారు' అంటారు. ఒకే నాయకుడు, ఒకే కారు, ఒకే రోజు. రెండు చోట్లా చప్పట్లే. నెల్లూరులో నీటి సలహా మండలి మీటింగు వచ్చేసరికి రైతులే రైతుల మీద లేస్తారు. ఆయన వేదిక మీద కూచుని 'సంయమనం పాటించండి' అంటాడు. దీన్నేమంటారు? ఏ సెక్షన్ కట్టారు?

దొమ్మీ జరక్కపోయినా కేసు కట్టొచ్చని చట్టమే చెబుతోంది. మెట్ట ఇన్నేళ్లుగా దొమ్మీ చేయలేదు. బెంగుళూరు బస్సెక్కి కూలికి పోతోంది, అంతే. ఇక కట్టండి కేసు. ముద్దాయిలు దొరకడం లేదని మాత్రం అనొద్దు సార్. పార్టీకో శిలాఫలకం ఉంది, పేర్లూ హోదాలూ పాలరాతి మీద వాళ్లే చెక్కించుకున్నారు.