బహురంధ్ర శిరస్త్రాణం: టీకా తాత్పర్యం

మూలం: బహురంధ్రం శిరస్త్రాణం శీతలం ప్రాజ్ఞసేవితమ్.

ఈ అర శ్లోకం ఏ పురాణంలోనూ లేదు. సైకిలు హెల్మెట్ల అట్టపెట్టెల మీద అచ్చయ్యే గొప్పలనూ, ఆదివారం తెల్లవారుజామున రోడ్డెక్కే సైకిలు పెద్దలు కొత్తవాళ్లకు చేసే హితబోధనూ కలిపి వడగడితే మిగిలిన సారం ఇది. పద్దెనిమిది రంధ్రాలదాని కంటే ఇరవై నాలుగు రంధ్రాలది మేలన్న మాటను వాళ్లు ఎంత గంభీరంగా చెబుతారంటే, దానికి అనుష్టుప్పు తప్ప వేరే ఉడుపు తగదు. రెండు పాదాల్లోనూ అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు; ఛందస్సు నిర్దుష్టం. దోషమంతా అర్థంలోనే ఉంది. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసినవాడు మెదకు సీమకు చెందిన వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథ సూరి. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఈ వ్యాఖ్య శిరసావహిస్తుంది. శిరస్త్రాణం, శీతలం సుబోధాలు కనుక వదిలేద్దాం. బహురంధ్రం బహువ్రీహి. అందులో ఉన్న రెండు పదాలకూ ప్రాధాన్యం ఉండదు, బయట ఉన్న మూడోదానికి ఉంటుంది. ఆ మూడోది హెల్మెట్టేనని వైయాకరణులు అంటారు. బిల్లు కట్టినవాళ్లు మాత్రం అది అంగడివాడి గల్లాపెట్టె అంటారు.

వాక్యం చూడటానికి వర్ణనలా ఉన్నా నిజానికిది అనుమాన ప్రమాణం. ఈ హెల్మెట్ చల్లనిది, ఎందుకంటే దీనికి రంధ్రాలు ఎక్కువ. హెల్మెట్ పక్షం, చల్లదనం సాధ్యం, రంధ్రాలు హేతువు. హేతువు ఉన్న చోటల్లా సాధ్యం ఉండి తీరాలి. అలా ఉండదని తేల్చడానికి తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చాలు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందనవచ్చు. తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉందంటే చెల్లదు; ఎర్రగా కాల్చిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవాలి. ఆ తడి కట్టె సంబంధానికే ఉపాధి అని పేరు: సాధ్యం ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, హేతువు ఉన్న ప్రతిచోటా ఉండదు. ఈ నిర్వచనంలోని పొందికను చూసి ఆగిపోని వాడు తార్కికుడు కాడు. పొగ ఉన్న చోటల్లా తడి కట్టెను వెతకండి, దొరుకుతుంది. నిప్పున్న చోటల్లా వెతకండి, ఇనుప గుండు దగ్గర భంగపడతారు. ఒక్క గుండుతో ఒక వాదం మొత్తం కూలిపోతుంది. అన్నంభట్టు అంతటితో ఊరుకోక తన గ్రంథానికి తానే దీపిక అనే వ్యాఖ్య కూడా రాసుకున్నాడు. వ్యాఖ్యాతలందరికీ అసూయ కలిగించే సదుపాయం అది: మూలకర్త హృదయం ఏమిటన్న తగాదా రాదు, వస్తే ఒకే ఇంట్లో తేలిపోతుంది. ఇంతకూ హెల్మెట్ ఏమైందని పాఠకుడు అడగవచ్చు. ఇరవై నాలుగు రంధ్రాల హెల్మెట్ పెట్టుకుని ఎండాకాలం ఎర్ర సిగ్నల్ దగ్గర నిలబడ్డవాడి తలే మన ఇనుప గుండు. రంధ్రాలు ఉన్నాయి, చల్లదనం లేదు.

మరి ఇక్కడ తడి కట్టె ఏది? గాలి ప్రవాహం. ముందుకు పోతున్న తలకు ఎదురుగా గాలి ఒత్తిడి పెరుగుతుంది, తల వెనక తగ్గుతుంది. ఆ తేడా వల్ల ముందు నుంచి దూరిన గాలి నడినెత్తి మీదుగా వెళ్లి వెనక నుంచి బయటపడాలి. అలా వెళ్లడానికి లోపల, థర్మోకోల్‌లో, ముందు నుంచి వెనక దాకా లోతైన కాలువలు ఉండాలి. అవి లేకపోతే పైన ఎన్ని చిల్లులున్నా, వీధి వైపు కిటికీ ఉండి పెరటి తలుపు లేని గది లాంటిదే. ఇక వేగం సంగతి. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పోటీల్లో గంటకు 40 కి.మీ. పోయేవాడికి అందే ఒత్తిడిలో, 15 కి.మీ. పోయేవాడికి దాదాపు ఏడో వంతే అందుతుంది. వెనక నుంచి అదే 15 కి.మీ. వేగంతో గాలి వీస్తే అదీ సున్నా. పైగా పందెపు సైకిలు మీద వంగిన తలకు ఎదురుగా ఉండే రంధ్రం, మామూలు సైకిలు మీద నిటారుగా కూర్చున్నవాడి తల మీద ఆకాశాన్ని చూస్తుంది. గాలి రాదు, ఎండ వస్తుంది.

చల్లదనం కూడా ఒక్క హెల్మెట్ సొత్తు కాదు. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 42 డిగ్రీలున్నప్పుడు అది చర్మం కంటే వేడి; అది వేడిని మోసుకొస్తూనే, పొడిగాలి కనుక చెమటను ఆర్పి మేలు చేస్తుంది. కాకినాడ ఉక్కలో ఆ ఆరడమూ కష్టమే. తలలు వేరు, ఊళ్లు వేరు, వేగాలు వేరు. అట్టపెట్టె మీద అంకె మాత్రం ఒక్కటే. ఎందుకంటే కొనేవాడు అంగట్లో నిలబడి వేలు పెట్టి లెక్కపెట్టగలిగింది అదొక్కటే. గంటకు 15 కి.మీ. వేగంలో లోపల ఎంత గాలి పారుతుందో అచ్చువేసిన పెట్టె కోసం గాలించి చూడండి. మధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కేవాడు పందెపు వీరుడు కాదు. పనికి పోయే మేస్త్రీ, బడి నుంచి వచ్చే పిల్ల, డ్యూటీ దిగిన వాచ్‌మన్. వాళ్ల నెమ్మది వేగాన్ని ఎవరూ కొలవరు. ఉడుకు భరించలేక హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించినవాడిని తిట్టడానికి మాత్రం అందరూ ముందుకొస్తారు.

ఇక ప్రాజ్ఞసేవితమ్, అంటే తెలిసినవాళ్లు వాడేది. టూర్ డి ఫ్రాన్స్ వీరులు ఇలాంటివే ధరిస్తారు కదా అన్నది ఆక్షేపం. ధరిస్తారు, ఎప్పుడు, ఎలా అన్నది చూడాలి. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య హెల్మెట్ తప్పనిసరి చేయబోతే పారిస్-నీస్ పందెంలో ఈ ప్రాజ్ఞులే తిరగబడ్డారు. 2003లో అదే పందెంలో ఆంద్రేయ్ కివిలెవ్ అనే పోటీదారు తలకు దెబ్బ తగిలి మరణించాక నిబంధన వచ్చింది. అప్పుడు కూడా మొదట్లో ఒక సడలింపు ఉండేది: చివరి ఎక్కుడు 5 కి.మీ.కు తగ్గకుండా ఉంటే అక్కడ హెల్మెట్ తీసేయవచ్చు. అంటే వేగం తగ్గి, గాలి పడిపోయి, ఒళ్లు ఉడికే చోట రంధ్రాల మహిమ మీద ప్రాజ్ఞులకే నమ్మకం కుదరలేదు. ఈమధ్య గాలి నిరోధం తగ్గించుకోవడానికి వాళ్లలోనే చాలామంది రంధ్రాలు తక్కువున్న హెల్మెట్లకు మారారు. శ్లోకంలో ఆ పాదం మార్చవలసిన వేళ ఎప్పుడో దాటింది.

పోనీ, రంధ్రాలు ఎక్కువైతే నష్టమేమిటన్నది రెండో ఆక్షేపం. నష్టం ఉంది. తలను కాపాడేది పైపొర కాదు, దెబ్బకు నలిగి శక్తిని మింగే థర్మోకోల్. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం హెల్మెట్‌ను సెకనుకు 5.42 మీటర్ల వేగంతో చదునైన దిమ్మె మీద పడేసినప్పుడు లోపలి నమూనా తలకు తగిలే త్వరణం గురుత్వానికి 250 రెట్లు మించకూడదు. అమెరికా ప్రమాణం 2 మీటర్ల ఎత్తు నుంచి పడేసి 300 రెట్లను హద్దుగా పెట్టింది. రెండూ దెబ్బను కొలుస్తాయి, పారే గాలిని కొలవవు. రంధ్రాల కోసం థర్మోకోల్‌ను తొలిచేస్తే, మిగిలినదాన్ని ఇంకా సాంద్రంగా, గట్టిగా పోస్తేనే ఆ పరీక్ష దాటుతుంది. గట్టిది చిన్న దెబ్బకు తేలిగ్గా నలగదు. కాబట్టి అక్కరకు మించిన ప్రతి రంధ్రమూ, ఉండవలసినది లేకపోవడానికి మనం అదనంగా చెల్లించే ధర. అలాగని రంధ్రాలే వద్దనడం లేదు. వేడికి భయపడి తలకు పెట్టుకోని హెల్మెట్ ఎంత గట్టిదైనా దండగే.

తాత్పర్యం. ఎన్ని రంధ్రాలని అడగకండి. హెల్మెట్‌ను తిరగేసి లోపల చూడండి: నుదుటి దగ్గర పెద్ద నోళ్లు, నెత్తి మీదుగా లోతైన కాలువలు, వెనక గాలి బయటికి పోయే దారులు, వాటికి అడ్డురాని మెత్తలు. లోపల తిరుగుడు దెబ్బకు జారే మిప్స్ పొర ఉంటే దాని చిల్లులు పైచిల్లులకు ఎదురుగా ఉన్నాయో లేదో చూడండి. ప్రమాణం ముద్ర ఉందా, తలకు కుదురుగా పట్టిందా అన్నవి అన్నిటికంటే ముందు. మీరు తొక్కేది నెమ్మదిగా అయితే పందెపు వీరుడి బొమ్మకు డబ్బు పెట్టకండి. అంగడివాడు కాలువలు చూపించకుండా అంకె చెబితే, పక్క అంగడికి వెళ్లండి.