రాయలవారికి కులధ్రువీకరణ పత్రం

శ్రీకృష్ణదేవరాయలవారు ఇవాళ తిరిగొచ్చి, పెనుకొండలో ఏదో ఒక సచివాలయం మెట్లెక్కి, కుల, నివాస ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టుకున్నారనుకోండి. పని అవదు. ఏ వీఆర్వో సంతకం పెట్టడు. మావాడంటే మావాడని ఊరూరా విగ్రహాలు నిలబెట్టి, సర్కిళ్లకు ఆయన పేరు తగిలించి, ఫ్లెక్సీలో ఆయన పక్కన మన ఫొటో వేయించుకునే మనం, ఆ మనిషే వచ్చి కౌంటరు ముందు నిలబడితే మాత్రం ‘ప్రూఫ్ ఏదీ?’ అంటాం.

చిక్కు కులం గడి దగ్గరే మొదలవుతుంది. రాతల ప్రకారం రాయలవారిది చంద్రవంశం, యయాతి కొడుకు తుర్వసుడి సంతతి. ఇది బీసీ జాబితాలో లేదు, ఓసీలోనూ లేదు. జాబితాలో లేని కులాన్ని కంప్యూటరు తీసుకోదు. కానీ బయట గేటు దగ్గర జనం సిద్ధం. బలిజలు మావాడంటారు. యాదవులు మావాడంటారు. తుళునాడు నుంచి బంట్లు ‘వంశం పేరే తుళువ, ఇంకేం రుజువు కావాలి’ అంటూ బస్సు దిగుతారు. ఒక్కో సంఘం చేతిలో ఒక్కో కరపత్రం. ప్రతి కరపత్రంలోనూ ‘చరిత్రకారులు చెబుతున్నారు’ అని ఉంటుంది. ఏ చరిత్రకారులో అడిగితే మర్యాదగా ఉండదు.

జరిగింది చూస్తే అంత పవిత్రంగా ఏమీ లేదు. తండ్రి తుళువ నరసనాయకుడు సాళువ నరసింహరాయల సేనాని. రాజు పోయాక కుర్రరాజుకు సంరక్షకుడిగా ఉంటూ పెత్తనమంతా తానే చేశాడు. పెద్దకొడుకు వీరనరసింహుడు 1505లో మొహమాటం మానేసి గద్దె ఎక్కాడు. 1509లో తమ్ముడి వంతు వచ్చింది. గద్దె ఎక్కాక చంద్రుణ్ణి వెతికి పట్టుకొచ్చి తాతను చేసుకోవడం ఆ రోజుల్లో రాజులందరి రివాజే. అప్పుడా పని ఆస్థానకవులు చేసేవారు, ఇప్పుడు కులసంఘాల క్యాలెండర్లు చేస్తున్నాయి. ఆ కవులకు కనీసం ఛందస్సు వచ్చు.

మాతృభాష గడి రాగానే తెలుగువాళ్లం కాలరెగరేసుకుని ముందుకొస్తాం. ఆముక్తమాల్యదలో ఆంధ్రవిష్ణువు చేత రాయలు పలికించిన ఆ ఒక్క పాదం ఉంది కదా, దేశభాషల్లో తెలుగే గొప్పదని! అది తెలియని తెలుగువాడు లేడు. భాషా దినోత్సవం బ్యానరు మీద ఉంటుంది, అమెరికా సభల సావనీరు మీద ఉంటుంది, ఇంగ్లిష్ మీడియం బడి గోడ మీద కూడా ఉంటుంది. దానికి ముందో వెనకో ఉన్న ఇంకొక్క పద్యం చెప్పమనండి. సభలో దగ్గులు మొదలవుతాయి.

చెప్పలేకపోవడమే మంచిదేమో కూడా. ఆ పద్యాన్ని ఆనుకునే ఉన్న మరో పద్యంలో శ్రీకాకుళం దేవుడైన ఆ ఆంధ్రవిష్ణువు తాను తెలుగురాయడినని చెప్పుకుంటాడు. ఎదురుగా ఉన్న రాజును మాత్రం కన్నడరాయడా అని పిలుస్తాడు. ఇది బెంగళూరు పత్రికలో వచ్చిన వ్యాసం కాదు, రాయలవారి సొంత చేతిరాత. కళింగ దండయాత్ర రోజుల్లో కృష్ణాతీరంలోని ఆ శ్రీకాకుళంలో ఆగినప్పుడు కల వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు. కలలో దేవుడు రాయమన్న కథైనా ఎవరిది? శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది, స్వామికి కట్టిన పూలదండను ముందు తన జడలో తురుముకుని చూసుకున్న తమిళ పిల్లది. కన్నడరాయడికి తెలుగుదేవుడు తమిళ కథ అప్పజెప్పాడు. అది మన ప్రాచీన ప్రతిష్ఠకు మూలస్తంభం అయింది.

అదే రాజు సంస్కృతంలో జాంబవతీ కల్యాణం నాటకం రాశాడు. కుమారవ్యాసుడు పది పర్వాల దగ్గర ఆపిన కన్నడ భారతాన్ని తిమ్మణ్ణకవి చేత పూర్తి చేయించాడు. తిరుమలలో తెలుగులో, కన్నడంలో, తమిళంలో కూడా శాసనాలు వేయించాడు. ఏ పనికి ఏ భాష అక్కరకొస్తే ఆ భాష వాడుకున్న మనిషి మాతృభాష గడి ముందు కలం పట్టుకుని అలాగే కూర్చుంటాడు. కంప్యూటరు దగ్గరి కుర్రాడు మాత్రం ‘ఏదో ఒకటి చెప్పు సామీ, సర్వరు పోతాది’ అంటాడు.

ఇంకో అప్రియమైన సంగతి. ఆ పాదం రాయలవారు పుట్టించింది కాదు. అంతకు ముందే వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఉంది. అది ఓరుగల్లు వీధుల కావ్యం. ఇద్దరు స్నేహితులు పొద్దస్తమానం ఊరంతా తిరిగి, పూటకూళ్లింట భోంచేసి, కోళ్ల పందెమూ పొట్టేళ్ల పోరూ చూసి, వేశ్యవాడ కూడా చుట్టబెట్టే షికారు పుస్తకం. మన భాషాభిమానానికి జాతీయగీతమంతటి ఆ మాట ఉన్నది అలాంటి చోట. రాసినవాడి ఇంటిపేరు వినుకొండ, తిరిగింది ఓరుగల్లు, ఊరేగించింది హంపీ. మూడు రాష్ట్రాలు కలిసి ఒక ట్రిబ్యునల్ వేసుకుంటే మంచిది. నదీజలాల తగువులు తేలేలోగా ఇదీ తేలుతుంది.

స్థానికత సంగతి వేరే చెప్పాలా? విజయనగరం శిథిలాలున్న హోస్పేట ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం పుట్టినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు ఉండిపోయాయి, హోస్పేట మైసూరుకు పోయింది. రాత్రికి రాత్రి రాయలవారు నాన్‌లోకల్ అయిపోయారు. ‘మా సీమకే ఆయన పేరుంది కదా’ అంటారా? రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించింది. అప్పటిదాకా అవి దత్తమండలాలు, 1800లో నిజాం ఇంగ్లిషువాళ్లకు రాసిచ్చేసిన నేలలు. ఎవడో ఎవడికో ఇచ్చేసిన నేల అన్న పేరు మోయలేక, ఒక పెద్ద రాజు పేరు తెచ్చుకున్నారు. ఆ బాధ అర్థమవుతుంది, పేరూ బాగుంది. కానీ నాలుగువందల ఏళ్ల తర్వాత పెట్టుకున్న పేరును నాలుగువందల ఏళ్లనాటి దస్తావేజుగా చూపిస్తే సబ్‌రిజిస్ట్రారు కూడా ఒప్పుకోడు.

కోస్తావాళ్లు నవ్వకండి. మీ తీరం అప్పుడు ఒడ్డె గజపతుల చేతిలో ఉంది. 1514లో ఉదయగిరి, 1515లో కొండవీడు పడ్డాయి. రాయలవారు మీ ఊళ్లకు చుట్టపుచూపుగా రాలేదు.

ఈమధ్య గిరాకీ అంతా మతం గడికే. ఉదయం ఆరింటికి కుటుంబ గ్రూపులో మామయ్యగారు పంపే ఫార్వర్డు ప్రకారం రాయలవారు బతుకంతా తురకల మీద కత్తి దూయడంతోనే గడిపారు. మామయ్యగారికి చెప్పాల్సిందేమిటంటే, 1513 నుంచి కొన్నేళ్లపాటు ఆ కత్తి పనిచేసింది ఎక్కువగా ప్రతాపరుద్ర గజపతి మీద, పూరీ జగన్నాథుడి భక్తుడి మీద. ఉదయగిరి గెలిచాక అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తరలించి గుడి కట్టించారు. ఒక హిందూరాజు కోటలోని దేవుణ్ణి ఇంకో హిందూరాజు పట్టుకుపోయిన సంగతి ఏ గ్రూపులోనూ ఫార్వర్డు కాదు. 1520లో రాయచూరు దగ్గర బీజాపూరు సుల్తానును ఓడించిన మాట నిజమే. ఆ యుద్ధంలో రాయలవారి వైపు పోర్చుగీసు తుపాకీవాళ్లున్నారు, ముస్లిం సైనికులూ ఉన్నారు. తర్వాత గుల్బర్గా దాకా వెళ్లి, బహమనీ వారసుణ్ణి గద్దె మీద నిలబెట్టి, ‘యవనరాజ్య స్థాపనాచార్య’ అన్న బిరుదు సంతోషంగా తగిలించుకున్నారు. ఆ బిరుదును ఫ్లెక్సీ మీద వేయించగల పార్టీ ఏదైనా ఉంటే చెప్పండి, ప్రింటు ఖర్చు నాది. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ ఆయన లోహప్రతిమను ఈసారి క్యూలో తోసుకుంటూనైనా చూడండి. తలమీద పొడుగాటి కుళ్లాయి ఉంటుంది. ఆ టోపీ మోజు పారశీకం వైపు నుంచి వచ్చింది. దేవుడి ముందు దాన్ని తీయాలని ఆయనకు తోచలేదు.

గుర్తింపు చిహ్నాలు రాయమంటే ఇంకా కష్టం. ఆయన్ను కళ్లారా చూసి రాసిపెట్టినవాడు డొమింగో పేస్ అనే పోర్చుగీసు ప్రయాణికుడు. మధ్యరకం ఎత్తు, తెల్లటి ఛాయ, కాస్త ఒళ్లున్న మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు అని రాశాడు. తెల్లారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, కత్తిసాము, కుస్తీ చేసేవాడని కూడా రాశాడు. మనకు తెలిసిన రాయలు వేరు. 1956లో ‘తెనాలి రామకృష్ణ’లో, 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్టీ రామారావుగారి ముఖమది. ఆ ముఖం మీద మచ్చ ఎక్కడిది? కన్నడిగులకు 1970 నుంచీ అది రాజ్‌కుమార్ ముఖం. 1991లో ‘ఆదిత్య 369’ వచ్చాక మన పిల్లలకు బాలకృష్ణ ముఖమైంది. అసలు ముఖంతో వచ్చిన మనిషిని ‘ఫొటో మ్యాచ్ కావట్లేదు’ అని పంపించేస్తారు.

ఆయనకు న్యాయం జరిగే చోటు ఒక్కటే మిగిలింది, ఉగాదినాటి భువనవిజయం. అట్ట కిరీటం, అద్దెకు తెచ్చిన జరీ అంగీ, మోచేతి దగ్గర పిన్నీసు. రాయలు ఎప్పుడూ రిటైరైన ప్రిన్సిపాలుగారే. తాళపత్రంలో జిరాక్సు కాగితం దాచుకుని ఎనిమిదిమంది కవులు వరసగా కూర్చుంటారు. అందులో రామరాజభూషణుడు తన వసుచరిత్రను అంకితమిచ్చింది తర్వాతి తరం తిరుమలరాయలికి. ఉద్యోగంలో చేరకముందే హాజరుపట్టీలో సంతకం పెట్టడం మనకు అలవాటే కాబట్టి అది పెద్ద దోషం కింద ఎంచనక్కర్లేదు. మధ్యలో ఒక కవి స్థానిక శాసనసభ్యుణ్ణి అభినవ రాయలన్నప్పుడు మాత్రం అందరి చప్పట్లూ ఒకేసారి పడతాయి.

జాతిగౌరవం నిలబెట్టడానికి ఇంకో దారి లేకపోలేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారు రాసినవాడి దిష్టిబొమ్మ తగలబెట్టలేదు. ఊరూరికీ కబురుపెట్టి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. నోళ్లు మూతపడ్డాయి. అది చాలా శ్రమతో కూడిన పద్ధతి కాబట్టి తర్వాత ఎవరూ అనుసరించలేదు. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు పెట్టినప్పుడు తెలంగాణవాళ్ల పేర్లు కొన్నే గుర్తొచ్చాయి. ఆ కడుపుమంట 2011 మార్చి 10న బయటపడి, కొన్ని విగ్రహాలు హుస్సేన్‌సాగర్ నీళ్లలో పడ్డాయి. ఆ విగ్రహాల్లోని కవుల పుస్తకాలు ఎన్నడూ తెరవలేదన్న ఒక్క విషయంలో మాత్రం నిలబెట్టినవాళ్లూ పడగొట్టినవాళ్లూ సమైక్యంగా ఉన్నారు.

తెరిస్తే ఇబ్బందే మరి. ఆముక్తమాల్యద ఆరో ఆశ్వాసంలో ఒక మాలదాసరి ఉన్నాడు. ఊరికి ఎడంగా ఉండే మనిషి. రోజూ తెల్లవారుజామున దూరాన ఉన్న కురుంగుడి గుడికి నడిచి వెళ్లి స్వామికి పాడివస్తాడు. ఓ రాత్రి దారి తప్పి, మర్రిచెట్టు కింద బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. పాట పాడి తిరిగొస్తాను, అప్పుడు తిను అని మాటిస్తాడు. వెళ్తాడు, పాడతాడు, తినిపించుకోవడానికి నిజంగానే తిరిగొస్తాడు. ఆ రాక్షసుడు పూర్వం సోమశర్మ అనే బ్రాహ్మణుడు. ఇప్పుడు ఆ మాలదాసరి పాటఫలంలో కాస్తయినా దానమివ్వమని బేరమాడి, బతిమాలి, కాళ్లమీద పడతాడు. అవతలివాడు కనికరించాకే అతనికి విముక్తి.

ఐదువందల ఏళ్ల కిందట ఒక చక్రవర్తి కూర్చుని రాసిన కథ ఇది. ఆ చక్రవర్తి విగ్రహావిష్కరణకు ఊరేగింపు ఏ వీధిలోంచి వెళ్లాలో, ఏ వాడ మలుపు దగ్గర వెనక్కు తిరగాలో, మన సంఘం పెద్దలు ముందురోజే కూర్చుని తేల్చుకుంటారు.

వేదం వేంకటరాయశాస్త్రిగారి సంజీవనీ వ్యాఖ్య ఉంది. పద్యం కొరుకుడు పడకపోతే అది దగ్గర పెట్టుకుని చదువుకోవచ్చు. అంత ఓపిక లేకపోతే ఒక్క పని చేయండి. రాయలవారి విగ్రహానికి చందా అడుగుతూ మీ గుమ్మంలోకి రశీదు పుస్తకంతో వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మాలదాసరి కథ చెప్పమనండి. చెబితే వెయ్యి నూటపదహార్లు రాయండి. చెప్పలేకపోతే మంచినీళ్లతో సరిపెట్టి పంపించేయండి.