ట్రిపుల్ సెవెన్ అన్న

మీ ఆఫీసులోనూ ఒకడుంటాడు. మావాణ్ణి ట్రిపుల్ సెవెన్ అన్న అంటేనే అందరికీ తెలుస్తుంది. సర్వర్లో ఎక్కడ ‘పర్మిషన్ డినైడ్’ కనబడ్డా ఆయన దగ్గరున్న మందు ఒక్కటే: సీహెచ్‌మాడ్ 777. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, వెరసి 7. ఓనరుకో ఏడు, గ్రూపుకో ఏడు, దారినపోయే దానయ్యకో ఏడు.

మనిషీ అంతే. ఆయన క్యారియర్ అందరిదీ, బండి తాళాలు ఎప్పుడూ టేబుల్ మీదే. కాదనడం చేతకాదు.

మొన్న కొత్త పైథాన్ యాప్ ఎక్కించాం. వెనక గునికార్న్, ముందు ఎన్‌జిన్‌ఎక్స్. బ్రౌజర్లో 502. ఎర్రర్ లాగ్ చూస్తే ‘13: పర్మిషన్ డినైడ్’. అన్న సాకెట్ ఫైలుకి 777 కొట్టాడు. అదే 502. ప్రాజెక్టు ఫోల్డరుకీ కొట్టాడు. ఊహూఁ. “క్యాష్ అయ్యుంటది తమ్ముడూ, క్రోమ్ మూసి తెరువు” అని టీకి పోయాడు.

యాప్ ఉన్నది యూజర్ హోమ్ ఫోల్డర్లో. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ హోమ్ 750తో పుడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ పనివాడు ‘డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా’ గుమ్మమే దాటలేడు. లోపల బీరువా తెరిచిపెట్టి ఏం లాభం? ‘నేమ్ఐ -ఎల్’ కొట్టి ఆ దారంతా వరసగా చూపించాను. సాకెట్‌ని ‘రన్’ కింద పెట్టి, గ్రూపు మార్చి, 660 ఇస్తే చాలన్నాను.

“దానికింత పురాణమా?” అని హోమ్ మొత్తానికి, ‘-ఆర్’ తగిలించి మరీ, 777 కొట్టాడు. సైటు వచ్చేసింది! నావైపు ఓ చూపు చూసి టెర్మినల్ మూసేశాడు.

మళ్లీ లాగిన్ అవబోతే కీ చెల్లదంది. హోమ్‌లోనూ, ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డర్లోనూ ఎవడు పడితే వాడు రాయగలిగితే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు. అన్న అప్పటికే ‘సర్వర్ డౌన్’ అని టికెట్ కూడా వేసేశాడు.

“డౌన్ కాలేదన్నా, మనల్నే రానివ్వట్లేదు.”

“ఈ లైనక్స్ వాళ్లకి మరీ సెక్యూరిటీ పిచ్చి” అని విసుక్కున్నాడు. అయినా నన్ను ఒంటరిగా వదిలేసి ఇంటికి పోలేదు. క్లౌడ్ కన్సోల్లోంచి లోపలికెళ్లి, హోమ్‌కి 750, ‘.ఎస్‌ఎస్‌హెచ్’కి 700, అందులోని ఆథరైజ్డ్ కీస్ ఫైలుకి 600, మిగతావీ ఒక్కొక్కటే సరిచేస్తుంటే పక్కనే కూర్చున్నాడు, బిర్యానీ తెప్పించాడు. చివరికి సాకెట్‌కి 660 పడి సైటు లేచింది.

“బాగుంది. రేపు ఇది పని చెయ్యకపోతే?”

“లాగ్ చూస్తాం అన్నా.”

“లాగెందుకురా” అంటూ కీబోర్డు తనవైపు లాక్కున్నాడు.