క్యాంటీన్ శ్రీనివాస్ గారి సీట్లు

‘మీ లైసెన్సులు ఒకసారి సరిచూసుకుందామా?’ అని సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి నుంచి మర్యాదగా ఓ ఉత్తరం వస్తే చాలు, హైటెక్ సిటీలో ఎంతటి ఆఫీసుకైనా భక్తి పుట్టుకొస్తుంది. దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా అని కాపీరైట్ చట్టం 63బి సెక్షన్‌ను ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికల్లా లైసెన్సుల లెక్క చూసే అసెట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కి ఆర్డర్ వెళ్తుంది. (దానికీ లైసెన్సు కావాలి. అది ఎవరి పేర ఉందో అందులో ఎక్కదు.)

ఎవరికి ఏ లైసెన్సు ఇచ్చామో ఎక్సెల్‌లో ఉందిగా, సీఎస్‌వీ చేసి ఎక్కించెయ్యండి అంటాడు సేల్స్ కుర్రాడు. ఎక్సెల్ చేతిచలువ అతనికి తెలియదు. 00457 అనే ఉద్యోగి నంబరును 457 చేసి బరువు దించుతుంది. లైసెన్సు నంబరు పదిహేను అంకెలు దాటిందా, ఆపైవన్నీ సున్నాలే. మార్చ్1 అనే జన్యువును అది మార్చి ఒకటో తేదీ చేసేస్తుంటే శాస్త్రవేత్తలు వేగలేక, 2020లో అలాంటి జన్యువులకు కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఎక్సెల్‌తో పెట్టుకోవడం కన్నా మనిషి జన్యువుతో పెట్టుకోవడమే తేలికన్నమాట.

అసలు రసం పేర్ల దగ్గర ఊరుతుంది. సిస్టమ్‌కి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ కావాలి. మన ఇంటిపేరేమో ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. షీట్‌లో ‘కె. శ్రీనివాస్’ అని ఉంది. ఆఫీసులో కె. శ్రీనివాస్‌లు ముగ్గురు. పేరుతో కాదు, ఈమెయిల్‌తో జతచెయ్యండి మహాప్రభో అని మాన్యువల్ మొత్తుకుంటుంది. షీట్‌లో ఆ గడే లేదు.

మీట నొక్కారు. పచ్చరంగులో ‘ఇంపోర్టు విజయవంతం’ అని వెలిగింది. ఆటోక్యాడ్, ఫొటోషాప్ లైసెన్సు సీట్లన్నీ మొదటి శ్రీనివాస్ గారికి దక్కాయి. ఆయన చూసేది క్యాంటీన్ లెక్కలు. నిజంగా డ్రాయింగులు గీసే రెండో శ్రీనివాస్ రికార్డుల్లో లైసెన్సు లేనివాడై, 63బి నీడలో బిక్కుబిక్కుమంటున్నాడు. మూడోవాడు రాజీనామా చేసి డల్లాస్ వెళ్లిపోయినా, సిస్టమ్‌లో ఇంకా ఉద్యోగే.

డైరెక్టర్ గారు మాత్రం డాష్‌బోర్డ్ చూసి మురిసిపోయారు. ‘సీట్లన్నీ వాడకంలోనే ఉన్నాయే! ఇంకో యాభై తెప్పించండి’ అన్నారు. పనిలో పనిగా క్యాంటీన్ శ్రీనివాస్ గారి పేరు ‘ఉత్తమ డిజైనర్’ అవార్డుకు పంపమన్నారు.