పుచ్చు లేని పన్ను కదిలితే: ఒక నోటి అద్దం కథ

సూరత్ ఉత్తరాన, అమ్రోలీని ఆనుకుని ఉన్న కోసాడ్‌లో ఒక పళ్ల డాక్టరమ్మ ట్రేలో ఉంటుంది ఈ నోటి అద్దం. ఉక్కు కాడ, కొసన రూపాయి బిళ్లంత గాజు. ఒక్కో నోరు చూశాక 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి అవుతుంది. చెంపను పక్కకు లాగి, కంటికి అందని వెనక దవడను చూపించడం దీని పని.

ఇక్కడి నోళ్లలో దీనికి పదేపదే ఎదురయ్యేది మావా. పాన్ కొట్లో వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిచ్చే ముద్ద అది. రాత్రి షిఫ్టులో నిద్ర రాకుండా మగ్గాల కార్మికులు దాన్ని దవడన పెట్టుకుంటారు. గుజరాత్ 2012లో గుట్కాను నిషేధించింది కానీ మావా అలవాటు పోలేదు. పొగాకు లేకుండా వక్క నమిలినా క్యాన్సర్ ముప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చింది.

అలవాటు ఎక్కడ తాకితే జబ్బు అక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ వల్ల అంగిలి దెబ్బతింటుంది. దీనిపై 10,169 మందిని పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. మావా ముద్ద నిలిచేది చిగురుకూ చెంపకూ మధ్య. అందుకే అక్కడి పుండు పంటి జబ్బులా కనిపిస్తుంది.

తెలంగాణ నుంచి మగ్గాలకు వచ్చిన ఒకాయన కుర్చీలో కూర్చుని, కదులుతున్న దంతం పీకేయమని హిందీలో బతిమాలాడు. అంతకుముందు వేరేచోట యాంటీబయాటిక్స్ వాడితే వాపు తగ్గిందట, మళ్లీ వచ్చిందట. అలా తగ్గడమే మోసం. క్యాన్సర్ పుండు మీద చేరిన సూక్ష్మజీవులు మందుకు చస్తాయి, నొప్పి సద్దుమణుగుతుంది, గడ్డ మాత్రం ఎముకలోకి పాకుతూనే ఉంటుంది. కారణం వెతక్కుండా బిళ్లలు మార్చుకుంటూ పోవడం ఎంత ప్రమాదమో ఈ అద్దం చూసినంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు.

చెంప లాగి చూపిస్తే పంటికి పుచ్చు లేదు. పక్కన చిగురు ఎర్రగా, తెల్లగా, పచ్చిగా ఉంది. అంచును వేలితో నొక్కితే గట్టిగా తగిలింది. ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఎముక అడ్డదిడ్డంగా కరిగిపోయింది. డాక్టరమ్మ పట్టకారు పక్కన పెట్టేసింది. ఇలాంటి చోట పన్ను పీకితే గుంత మానదు, అందులోంచి కండ పెరుగుతుంది, అసలు చికిత్స ఇంకా వెనకబడుతుంది.

పీకేస్తే పోతుంది కదా అని ఆయన మళ్లీ అడిగాడు. ముందు ముక్క పరీక్ష, రిపోర్టు చూశాకే పన్ను సంగతి అని చెప్పి, పెద్దాసుపత్రికి ఆమె అక్కడికక్కడే చీటీ రాసింది: మూడు వారాలు దాటినా మానని పుండు, పుచ్చు లేకుండానే కదిలే దంతం, కింది పెదవి తిమ్మిరి. వెంటనే బయాప్సీ చేయగలరు.