బ్యాక్‌డోర్

అమీర్‌పేట మైత్రివనం దగ్గర టీ బండి. కోచింగ్ కుర్రాడొకడు గ్లాసు పట్టుకుని ఊగిపోతున్నాడు. "ఈ బయటోళ్లొచ్చే మన సిటీ ఖరాబైందన్నా!"

మన సిటీట! నిరుడే జిల్లా నుంచొచ్చి పంజాగుట్ట హాస్టల్లో దిగాడు. అమెరికా విమానం ఎక్కేదాకా పక్కా లోకల్. అక్కడివాళ్లు ఉద్యోగ వీసాకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారనేసరికి మాత్రం మానవత్వం గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది.

సరే నాయనా, నీ సిటీ కట్టిన గోల్కొండ రాజుల కథ విను. పదిహేనో శతాబ్దంలో తబ్రీజు రాజధానిగా నల్లగొర్రెలవాళ్లు ఏలేవారు. వెటకారం కాదు, ఖరా ఖొయున్లు అనే తుర్కుమాను తెగ పేరుకు అర్థమే అది. 1467లో తెల్లగొర్రెలవాళ్లు వీళ్ల రాజు జహాన్‌షాను చంపారు. కంపెనీ మూత. ఆ వంశపు కుర్రాడు సుల్తాన్ కులీ హమదాను వదిలి, పని వెతుక్కుంటూ బీదరొచ్చాడు. బహమనీ కొలువులో ఫ్రెషర్‌గా చేరి, తెలంగాణకు అధికారై, ఆ కొలువూ బీటలు వారాక 1518లో గోల్కొండలో సొంత కుంపటి పెట్టుకున్నాడు. ఎక్స్‌పీరియన్సంతా ఒరిజినలే.

అతని కొడుకు ఇబ్రహీం, అన్న జంషీద్‌కి జడిసి విజయనగరం పారిపోయాడు. ఏడేళ్లు అళియ రామరాయల ఉప్పు తిన్నాడు, తెలుగు రుచి మరిగాడు. గోల్కొండ గద్దెనెక్కాక 1565లో ఆ రామరాయల మీదికే కత్తి దూశాడు. ఉప్పు మరిచాడు గానీ తెలుగు మరవలేదు. కవులకు మల్కిభరాముడయ్యాడు, అద్దంకి గంగాధరకవి చేత తపతీసంవరణోపాఖ్యానం అంకితం పుచ్చుకున్నాడు. గోల్కొండ అమీరు అమీన్‌ఖాన్ అయితే పటాన్‌చెరులో కూర్చుని తొలి అచ్చతెలుగు కావ్యం 'యయాతి చరిత్ర'నే అంకితం తీసుకున్నాడు. రాసింది పొన్నెగంటి తెలగన. బయటోళ్ల దౌర్జన్యం ఎంతదాకా వెళ్లిందో చూశావా?

తలెత్తి మన వీధి చూడు. మేడ కనపడకుండా బోర్డులు. వాటిలో తెలుగక్షరానికి భూతద్దం కావాలి. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్పి పంపేస్తారు, తెలుగు మరిచిపోవడం ఫ్రీ.

"ఇంతకీ వాళ్ల రాజ్యం ఎట్ల పోయిందన్నా?"

1687లో ఔరంగజేబు గోల్కొండను ఎనిమిది నెలలు చుట్టుముట్టాడు. ఫిరంగులకు లొంగలేదు కోట. చివరికి లోపలి సర్దారొకడు, అబ్దుల్లాఖాన్ పన్నీ, లంచం పుచ్చుకుని రాత్రిపూట తలుపు తీశాడు.

కుర్రాడి కళ్లు మొదటిసారి మెరిశాయి. "అంటే బ్యాక్‌డోరే కదన్నా! ఎంత తీసుకున్నడంట?"