కొత్త తండ్రికి గల్లీ చెప్పే తప్పుడు సలహాలు

హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజా, గౌలిపురా, ఛత్రినాక, ఉప్పుగూడ గల్లీల్లో ఒక ఇంటి కోడలికి నెలలు నిండాయంటే చాలు, సలహా చెప్పకుండా గడప దాటే చుట్టం ఉండదు. చెప్పేవాళ్లందరికీ బిడ్డ మీద ప్రేమే. కానీ వాటిలో కొన్ని మాటలు బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. తమ్మీ, ఆ మాటల్ని వరసగా ఇక్కడ రాస్తున్నాను. బాలింత అత్తకు ఎదురు చెప్పలేదు. కుట్ల నొప్పితో ఉన్న మనిషికి కన్నతల్లితో వాదించే ఓపిక కూడా ఉండదు. కాబట్టి “వద్దు” అనే మాట నీ నోటి నుంచే రావాలి. తండ్రిగా నీ మొదటి పని అదే.

1. “కాన్పు ఆడోళ్ల ముచ్చట. ఇరవై ఒకటో దినం తొట్టెలకు పోతే సాలు.”

తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మన ఆచారం. ఆచారాన్ని ఉంచుకో, దూరాన్ని మాత్రం ఉంచుకోకు. బిడ్డకు అత్యంత ప్రమాదం ఆ మొదటి వారాల్లోనే. ప్రసూతి వార్డులోకి మగవాళ్లను రానివ్వకపోయినా బయట నీకు చేతినిండా పని ఉంది. భార్య బ్లడ్ గ్రూపు తెలుసుకో. అవసరమైతే రక్తం ఇచ్చే ఇద్దరు దోస్తులతో ముందే మాట్లాడి పెట్టుకో. పరీక్షల కాయితాలన్నీ ఒకే సంచిలో ఉంచు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. మదీనా బట్టల దుకాణంలో పనిచేసేవాడికో ఆటో నడిపేవాడికో ఆ హక్కు ఇచ్చే చట్టం లేదు. ఇది అన్యాయం. అది మారేదాకా సేటుతో ముందే మాట్లాడి, ఆ రోజుల ఖర్చుకు నాలుగు డబ్బులు పక్కన పెట్టు.

బిడ్డ బరువు తక్కువగా పుడితే, డాక్టర్ చూపించినట్టు చొక్కా విప్పి నీ ఛాతీకి ఆనించుకో. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ కంగారూ పద్ధతిని తండ్రి కూడా పాటించవచ్చు.

2. “ముర్రుపాలు పిండి పారబోయుండ్రి. పిల్లగానికి తేనె నాకించుండ్రి.”

ఇంతకన్నా నష్టం చేసే సలహా మరొకటి లేదు. పసుపు రంగులో చిక్కగా వచ్చే ఆ మొదటి పాలలోనే రోగాలను అడ్డుకునే శక్తి నిండుగా ఉంటుంది. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. తేనెలో బొటులిజం కలిగించే క్రిమి బీజాలు ఉండవచ్చు. పసిపేగుల్లో అవి విషాన్ని తయారు చేస్తే బిడ్డ ఒళ్లు వేలాడేస్తుంది, ఊపిరి ఆగే ప్రమాదం కూడా ఉంటుంది. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు. గల్లీలో తిరుగుతూ అమ్మే గాడిదపాలూ వద్దు. కాచని పచ్చిపాలు పసిబిడ్డకు ఎవరు తాగించినా ప్రమాదమే. తల్లికి పాలు ఆలస్యంగా పడితే నర్సమ్మను పిలువు, బిడ్డను సరిగా పట్టించడం ఆమె చూపిస్తుంది.

3. “ఎండలు మండుతున్నయ్, గొంతు తడపాలె.”

మే నెల ఎండలోనైనా ఆరు నెలలదాకా తల్లిపాలు చాలు. ఆ పాలలో ఎక్కువ భాగం నీళ్లే. విడిగా నీళ్లు పడితే బిడ్డ పాలు తాగడం తగ్గుతుంది, విరేచనాలూ పట్టుకోవచ్చు. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ పాస్ పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. దాహం తల్లికి వేస్తుంది. బిడ్డ పాలు తాగే ప్రతిసారీ ఆమె చేతికి మంచినీళ్ల గ్లాసు అందించడం నీ పని.

4. “కంట్ల కాటుక పెట్టు, చెవిల నూనె పొయ్, పొగ వెయ్.”

కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, అది ఎదిగే మెదడుకు చేటు. చెవిలో, ముక్కులో నూనె పోయకూడదు. బొడ్డు మీద పసుపూ బూడిదా రాయకూడదు, పొడిగా వదిలేస్తే అదే ఊడిపోతుంది. గాలి ఆడని చిన్న గదిలో నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే ఆ పొగంతా పసి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నీ బీడీ, సిగరెట్ పొగా అంతే. ఈ ఇంట్లో పొగ ఉండకూడదన్న నియమం నీతోనే మొదలవ్వాలి.

5. “పసిరికలైతే పొద్దటి ఎండకు పండబెట్టు.”

చాలామంది పసిపిల్లలకు రెండో మూడో రోజున ఒళ్లు కొంచెం పచ్చబడి, తరవాత తగ్గిపోతుంది. కానీ పుట్టిన 24 గంటల్లోనే పచ్చదనం కనిపించినా, అరచేతులకూ అరికాళ్లకూ పాకినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. అక్కడి నీలికాంతి వైద్యం చేసే పనిని కిటికీ ఎండ చేయలేదు. ముదిరితే మెదడు, వినికిడి దెబ్బతింటాయి.

6. “రాత్రయింది, తెల్లారినంక చూద్దాం.”

పాలు పట్టకపోవడం, నిద్రలో కూడా నిమిషానికి 60కి పైగా ఊపిరి తీయడం, డొక్క లోపలికి లాక్కోవడం, ఒళ్లు కాలిపోవడం లేదా చల్లబడిపోవడం, ఫిట్స్, లేపినా కదలకపోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. తల్లికి గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, జ్వరమొచ్చినా, కళ్లు మసకబారేంత తలనొప్పి వచ్చినా అంతే.

మూసీ దాటితే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉంది. 1949లో తన దగ్గర పనిచేసే రఫత్ కాన్పులో చనిపోవడం నిజాం కోడలు రాకుమారి నీలోఫర్‌ను కదిలించింది. 1953లో ఆమె పేరుతో ఆ ఆసుపత్రి నిలబడింది. పాతబస్తీలోపలే పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ఉంది. నెలలు నిండకముందే రెండింటికీ దారి చూసి పెట్టుకో. మన సందుల్లోకి 108 బండి రాలేకపోవచ్చు, ఏ మూల మీద ఆగాలో ముందే ఖాయం చేసుకో. లాల్‌దర్వాజా బోనాలు, మొహర్రం ఊరేగింపు, నిమజ్జనం రోజున చార్మినార్ మీదుగా పోయే బాలాపూర్ గణేశుడు, రంజాన్ రాత్రుల రద్దీ: ఆ రోజుల్లో ఏ రోడ్డు మూస్తారో కనుక్కో.

7. “సర్టిఫికెట్‌కు తొందరేమున్నది?”

తొందర ఉంది. జననం 21 రోజుల్లో నమోదు కావాలి. పేరు ఖాయం కాలేదని ఆగొద్దు, ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు చేర్పించవచ్చు. 2023 అక్టోబర్ 1న, ఆ తరవాత పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆధారం ఆ సర్టిఫికెట్టే. నీ పేరు, భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడు. బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి పడ్డాయో లేదో టీకా కార్డులో చూసుకో. తరవాత 6, 10, 14 వారాల తేదీలు గోడ క్యాలెండర్ మీద రాయి.

8. “బాలింతకు కారప్పొడి అన్నమే పెట్టాలె, కూరలు పడవు.”

రక్తం పోగొట్టుకున్న మనిషికి కడుపునిండా తిండి కావాలి. మీరాలం మండి నుంచి పాలకూర, తోటకూర తీసుకురా. పప్పు, గుడ్డు, పాలు ఉండేలా చూడు. రాత్రి బిడ్డ లేస్తే గుడ్డ మార్చి, భుజాన వేసుకుని తేన్పించి పండబెట్టేది నువ్వే అయితే ఆమెకు రెండు గంటలైనా నిద్ర దొరుకుతుంది. బిడ్డను వెల్లకిలానే పండబెట్టు. రెండు వారాలు దాటినా ఆమె ఏడుస్తూనే ఉంటే, బిడ్డను చూడాలనిపించట్లేదంటే, దాన్ని నఖరా అనే మాట ఇంట్లో ఎవరినీ అననివ్వకు. అది జబ్బు. దానికి మందు ఉంది. డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని పో.

ఇన్ని “వద్దు”లు చెబితే అమ్మ నొచ్చుకోదా అంటావు. కాదన్న ప్రతిచోటా ఆమెకో పని అప్పగించు. “అమ్మా, తేనె వద్దు, డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నీళ్లు పోసుడు, నూనె రాసుడు నీకొచ్చినట్టు మాకు రాదు, అది నువ్వే చెయ్యి. జోలపాట కూడా నువ్వే పాడు.” మన పెద్దవాళ్ల చేతుల్లో ఎంతో విద్య ఉంది. బిడ్డకు మేలు చేసేదాన్ని నిలుపుకుని, చెరుపు చేసేదాన్ని ఆపడానికి ఆ ఇంట్లో అమ్మ మాటా భార్య మాటా వినగల మనిషివి నువ్వు. ఈ రాత్రే అమ్మతో మాట్లాడు.